కొండ మీద మంద, కొన్న మాంసం

మూడో రోజు కూడా ఇద్వాల్ మధ్యాహ్నం భోజనానికి ఇంట్లోకి రాలేదు.

పొయ్యి మీంచి చారు దించి ఆయన భార్య ఎలీనెడ్ బల్ల మీద నాలుగు గిన్నెలు సర్దింది. నాలుగో గిన్నె ముందున్న ఖాళీ కుర్చీని కాసేపు చూసి, ఆ గిన్నె తీసి మళ్లీ పొయ్యి పక్కన పెట్టింది.

"నాన్న ఇవాళ కూడా కొట్టంలోనేనా?" గుమ్మంలో బూట్లు విప్పుతూ కొడుకు మైలిర్ అడిగాడు.

"అక్కడే సుఖంగా ఉన్నట్టుంది. పొట్టేళ్లు ఎదురు చెప్పవుగా."

"ఏం తింటున్నాడు?"

"రొట్టె, చీజ్. పొద్దున్నే జేబులో కుక్కుకుని పోయాడు. నిన్న చారు పంపిస్తే కుక్కకి పోశాడు. ఈ మూడు రోజుల్లో కుక్క మాత్రం బాగా ఒళ్లు చేసింది."

మైలిర్ నవ్వలేదు. కూర్చుని ఎదురుగా ఉన్న భార్యను చూశాడు. నైరీ తలెత్తకుండా రొట్టెకు వెన్న రాస్తోంది. ఆరేళ్ల కిందట ఉన్ని కత్తిరించే ముఠాతో న్యూజిలాండ్ నుంచి ఈ వేల్స్ కొండల్లోకి వచ్చిన పిల్ల. వచ్చిన వారంలో ఈ ఇంటి గొర్రెలన్నిటికీ ఉన్ని తీసి, చివర్లో మైలిర్‌ని కూడా నున్నగా గొరిగి పడేసిందని ఊళ్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. ముఠా వెళ్లిపోయింది. పిల్ల ఉండిపోయింది.

"ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు," అన్నాడు మైలిర్.

"అడుగు. కోపం వస్తే అప్పుడు చూద్దాం."

"కోడి ఉంది, చేప ఉంది. పంట పండగ పూట పాస్టరు గారు భోజనానికి వస్తుంటే, మా నాన్న బల్ల మీదకి మీ దేశం మాంసమే తేవాలా?"

"చవగ్గా కనిపించింది. తెచ్చాను."

"ఆరు వందల గొర్రెలున్న ఇంటికి."

"అవును. ఆరు వందల గొర్రెలున్న ఇంటికి."

ఎలీనెడ్ చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలి టంగుమంది. ఎవరూ అటు చూడలేదు.

ఆదివారం నాటి సంగతి ముగ్గురి కళ్ల ముందూ ఉంది. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన అయ్యాక పాస్టరు తెగ్విన్ గారు, ఆయన భార్య భోజనానికి వచ్చారు. ఎర్రగా వేగిన గొర్రె తొడ బల్ల మధ్యకు వచ్చింది. ఇద్వాల్ లేచి నిలబడి, చొక్కా చేతులు మడిచి, కత్తి నూరి, పల్చగా ముక్కలు కోసి తనే అందరికీ వడ్డించాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇదీ రుచంటే, పాస్టరు గారూ. ఈ కొండ గడ్డి, ఈ కొండ నీళ్లు. ఏ దేశం వాడొచ్చి ఏ ఒప్పందం రాసుకున్నా ఈ రుచి మాత్రం పడవలో దిగదు," అన్నాడు. పాస్టరు గారు ఆమెన్ అన్నారు.

సోమవారం పొద్దున బంగాళాదుంప తొక్కలు పారబోయబోతే ఇద్వాల్‌కు చెత్తబుట్టలో మాంసం ప్లాస్టిక్ కవరు దొరికింది. దాని మీద న్యూజిలాండ్ అని అచ్చేసి ఉంది. ఇద్వాల్ దాన్ని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బల్ల మధ్యలో పెట్టి, "ఇదెవరు తెచ్చారు?" అని అడిగాడు. కేకలు వేయలేదు. నైరీ గిన్నెలు తోముతూ, "నేనే మామయ్యా," అంది. ఆయన టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. అంతే.

మైలిర్ గబగబా రెండు చెంచాలు తాగి లేచాడు. "పై కొండ మీద కంచె పడిపోయింది. వెళ్లాలి."

"కూర్చుని తినరా."

"ఆకలిగా లేదమ్మా."

వెళ్తూ వెళ్తూ నైరీ భుజం మీద చెయ్యి వేసి తీశాడు. కోపం ఉన్నా చెయ్యి ఊరుకోలేదు పాపం.

బండి చప్పుడు దూరమయ్యాక ఎలీనెడ్ తలుపు మూసి వచ్చింది. "చెప్పేస్తానమ్మాయ్. ఇంక నా వల్ల కాదు. కొన్నది నేను. నింద మోస్తున్నది నువ్వు."

"ఇంకో రెండు రోజులు ఓపిక పట్టండత్తయ్యా. చల్లబడతారు."

"నీకెందుకే ఈ బరువు?"

"నా మీద కోపమొస్తే ఆయన మా దేశాన్ని తిట్టుకుంటారు. అది పన్నెండు వేల మైళ్ల అవతలుంది, వినబడదు. మీ మీద వస్తే ఆ కోపం ఈ ఇంట్లోనే ఉండిపోతుంది."

ఎలీనెడ్ పొయ్యి దగ్గరికి వెళ్లింది. చారు గిన్నె మీద మూత పెట్టి, గుడ్డ చుట్టి కోడలి చేతికిచ్చింది. "కుక్క దగ్గరికి రానీకు," అంది.

*

కొట్టంలో ఇద్వాల్ ఒక్కడే పొట్టేలుతో కుస్తీ పడుతున్నాడు. మరో రెండు వారాల్లో పొట్టేళ్లను ఆడగొర్రెల్లోకి వదలాలి. ఆలోపు వాటి గిట్టలు కోసి, పళ్లు చూసి సిద్ధం చెయ్యాలి. ఆయన కుడి భుజం రెండేళ్లుగా సరిగా లేవడం లేదు. పొట్టేలుకి ఆ సంగతి తెలిసినట్టుంది, ఆ వైపే లాగుతోంది.

నైరీ చారు గిన్నె గూట్లో పెట్టింది. అడక్కుండానే వెళ్లి, పొట్టేలు గడ్డం ఒక చేత్తో, తొడ ఒక చేత్తో పట్టి, మోకాలితో చిన్నగా తోసింది. అంత జంతువూ పసిపిల్లాడిలా వెనక్కి కూలబడి ఆమె కాళ్ల మధ్య చేరగిలబడింది.

"నేను అడగలేదు," అన్నాడు ఇద్వాల్.

"మీరు అడగలేదు. పొట్టేలు అడిగింది."

ఆయన వంగి గిట్ట పట్టుకున్నాడు. కత్తెరతో అంచు కత్తిరించాడు.

"రెండో కాలు," అన్నాడు.

ఆమె తిప్పింది.

"మీ ఊళ్లో ఇవి ఎన్నుంటాయి ఒక్కొక్కడికి?"

"మా నాన్నకి నాలుగు వేలు."

"నాలుగు వేలు. పేర్లేం పెడతారు వాటికి?"

"మీరు ఆరు వందలకీ పెట్టారా?"

"సగానికి పెట్టాను." ఆయన గిట్టలో ఇరుక్కున్న రాయి తీసి విసిరేశాడు. "నాలుగు వేలున్నవాడు పడవెక్కించి పంపిస్తే ఆరు వందలున్నవాడు ఏమైపోవాలి? మీ దేశంతో కొత్త వ్యాపార ఒప్పందమట, మీ మాంసానికి ఏడాదికింత, ఏడాదికింత అని పదిహేనేళ్లలో గేటు బార్లా తెరుస్తారట. అప్పటికి నేనుండను. మీరుంటారు."

"గేటు తెరిచింది నేను కాదు మామయ్యా."

"తెలుసు."

"ఓటు వేసింది కూడా నేను కాదు."

ఇద్వాల్ చెయ్యి ఆగింది. యూరప్ కూటమి నుంచి బయటికి రావాలా వద్దా అని దేశమంతా ఓటు వేసిన రోజు ఆయన రావాలనే వేశాడు. దాచుకోలేదు. ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ ఆ మాట ఎత్తరు.

"వేశాను," అన్నాడు. "నా గొర్రె చెవికి ఎన్ని నంబరు పోగులు కుట్టాలో ఎక్కడో కూర్చున్నవాడు చెప్తుంటే ఒళ్లు మండి వేశాను. ఇప్పుడు ఆ పోగులు ఆ చెవికే ఉన్నాయి. పైగా ప్రతి లారీకి ఓ కట్ట కాగితాలు. ఇటలీవాడు మన చిన్న గొర్రెపిల్లల్నే మెచ్చి కొనేవాడు. నీ నవ్వు నువ్వు నవ్వుకో."

"నేను నవ్వడం లేదు."

"నవ్వాలి. నేనైతే నవ్వుతాను." కత్తెర పక్కన పెట్టి నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "నీ మీద కోపం అనుకుంటున్నావా నాకు?"

"మూడు రోజులుగా అలాగే అనిపిస్తోంది."

"అరవై ఏళ్లకు పైగా ఈ మాంసమే తింటున్నాను. మా అమ్మ వండింది, ఎలీనెడ్ వండింది. కళ్లకు గంతలు కట్టి పెట్టినా, ఇది మనది, ఇది కాదు అని చెప్తానని సంతలో పందాలు కాసినవాణ్ణి. ఆదివారం నాడు కళ్లు మూసుకుని తిని, ఇది నా కొండ రుచి అన్నాను." ఆయన గొంతు తగ్గిపోయింది. "నా నాలుకకే తెలియకపోతే, ఇక కొనేవాడికి ఏం తెలుస్తుంది? వాడు చవకది కొనక ఇంకేం చేస్తాడు? కోపం నీ మీద కాదమ్మాయ్. బల్ల దగ్గర కూర్చుంటే ఆ తొడే కనిపిస్తోంది."

నైరీ పొట్టేలును వదిలిపెట్టింది. అది లేచి ఒళ్లు విదిలించుకుని మూలకు పోయింది.

"మీ నాలుక తప్పేం లేదు మామయ్యా. అదీ కొండ గొర్రే. అదీ వాననీళ్లే తాగింది. ఏమో, మా నాన్న మందలోదే కావచ్చు."

"అయితే మీ నాన్నకి నా దీవెనలు చెప్పు. మీరైనా బాగుపడండి."

ఇద్వాల్ అటు తిరిగాడు. మాటకు మాట అప్పజెప్పే పిల్ల తడిక పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైంది?"

"మా నాన్న అమ్మేశాడు మామయ్యా. పోయిన బుధవారం. నాలుగు వేల గొర్రెలూ, పొలమూ."

"అమ్మేయడమేంటి? ఒప్పందం మీకు అనుకూలమేగా."

"పడవెక్కినదాని లాభం పడవవాడికీ, కొట్టువాడికీ పోతుంది. మా నాన్న దాకా వచ్చేసరికి ఉన్ని కత్తిరించిన కూలి కూడా రావడం లేదట. చెట్ల కంపెనీవాళ్లు వచ్చారు. కొండంతా పైన్ చెట్లు పెడతారు. నేను పుట్టిన కొండ. వచ్చే వసంతానికి దున్నేస్తారు." ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. "పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. ఎవరికీ చెప్పలేదు నేను. మైలిర్‌కి కూడా. మీరంతా ఇక్కడ ఆ మాంసం గురించి పోట్లాడుకుంటుంటే ఎలా చెప్పను?"

ఇద్వాల్‌కు ఓదార్చడం రాదు. ప్రసవంలో గొర్రె అలిసిపోతే చేసినట్టు, ఆమె వీపు మీద అరచేత్తో రెండుసార్లు గట్టిగా చరిచాడు. తర్వాత గూట్లోంచి చారు గిన్నె తీసి, మూత తెరిచి, ముందు ఆమెకే అందించాడు.

"తాగు. సగం తాగి నాకివ్వు."

గుమ్మంలో చప్పుడైంది. ఎలీనెడ్ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో, చేతులు కడుపు మీద ముడుచుకుని ఉంది.

"కొన్నది నేను," అంది.

"ఏంటి?"

"ఆ తొడ. కొన్నది నేను. ఈ పిల్ల నా కోసం అబద్ధం చెప్పింది. ఇప్పుడు నన్ను తిట్టు."

ఇద్వాల్ భార్యను చూశాడు, కోడలిని చూశాడు. "నువ్వా? ఫ్రీజరు నిండా మనది ఉండగా?"

"ఫ్రీజరు తెరిచి ఎన్నాళ్లైంది నువ్వు? బఠాణీలు తప్ప ఏం లేవు అందులో."

"ఇంట్లో వండుకోడానికని రెండు గొర్రెపిల్లల్ని వేరే ఉంచాను కదా. ఇంటి వెనక దడిలో. వాటికి రోజూ నేనే మేత..."

మాట అక్కడే ఆగిపోయింది. ఎలీనెడ్ ఆయన్నే చూస్తోంది. కోపంగా కాదు.

"సెప్టెంబరులో ఇటలీ లోడు," అంది మెల్లగా. "అరవై అని కాగితంలో ముందే రాసేశారు. లారీ వచ్చిన పొద్దున రెండు కుంటుతున్నాయి. కాగితానికీ సరుకుకీ ఒక్కటి తేడా వచ్చినా రేవులో ఆపేస్తారని ఆ లారీవాడు గొడవ. వాటి బదులు నువ్వే దడి గేటు తీసి ఇంటికి ఉంచిన రెండిటినీ ఎక్కించావు. 'మళ్లీ చూద్దాంలే' అన్నావు. చూడలేదు."

ఇద్వాల్ గడ్డి మోపు మీద కూర్చున్నాడు.

"ఊళ్లో కసాయి దగ్గరికి వెళ్లాను," ఎలీనెడ్ చెప్పుకుపోతోంది. "మనదే, మన కొండదే, పేరు రాసి వేలాడదీశాడు. ధర చూసి బయటికొచ్చేశాను. మనం పెంచినదాన్ని మనమే కొనలేని స్థితికి వచ్చాం. ఆ సంగతి పాస్టరు గారి ముందు నీకెలా చెప్పను? పెద్ద కొట్టుకు పోయి ఇది తెచ్చాను. వండుతూ ఏడ్చాను. నువ్వు కళ్లు మూసుకుని మెచ్చుకుంటుంటే ఇంకా ఏడుపొచ్చింది. ఉల్లిపాయలని చెప్పి వంటింట్లోకి పోయాను."

మూలన పొట్టేలు నెమరేస్తోంది.

ఇద్వాల్ ఆమె వైపు తలెత్తి అన్నాడు: "బాగా వండావు."

"ఏంటీ?"

"ఎవడి గొర్రె అయినా, బాగా వండావు. అందుకే నేను మోసపోయాను. తప్పు నీదే."

ఎలీనెడ్ నోటికి కొంగులా ఏప్రాన్ అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

*

ఇంట్లోకి వచ్చాక ఇద్వాల్ చేతులు కడుక్కుని తిన్నగా గోడ మీది ఫోను దగ్గరికి వెళ్లాడు.

"ఎవరికి?" అంది ఎలీనెడ్.

"పాస్టరు గారికి. చర్చి నుంచి వచ్చి, ఆయన ముందు అబద్ధం చెప్పినట్టైంది. ఆయన దానికి ఆమెన్ కూడా అన్నాడు."

"వదిలెయ్, బాబూ."

వదల్లేదు. తెగ్విన్ గారు ఎత్తారు. ఆయన గొంతు ఎప్పుడూ వేదిక మీంచి వచ్చినట్టే ఉంటుంది కాబట్టి వంటింట్లో ముగ్గురికీ వినబడింది.

"పాస్టరు గారూ, ఆదివారం మీరు తిన్నది మా కొండది కాదండీ. న్యూజిలాండ్‌ది. నాకు తెలియక చెప్పాను. తెలిశాక చెప్పకపోతే తప్పని ఫోన్ చేస్తున్నాను."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇద్వాల్," అన్నారు, "మా ఇంట్లో రెండేళ్లుగా అదే. మొదటి ముద్దలోనే తెలిసింది మా ఆవిడకి. నువ్వు అంత సంతోషంగా చెప్తుంటే మధ్యలో ఎలా అడ్డం వస్తాం?"

"మీరు కూడానా?"

"చర్చి ఇచ్చే జీతంతో నీ గొర్రెను తినడం మా వల్ల కాదయ్యా. నీ మొహం చూసి ఎప్పుడూ చెప్పలేకపోయాను. ప్రభువు క్షమిస్తాడు, నువ్వు క్షమిస్తావో లేదోనని భయం."

ఇద్వాల్ ఫోను పెట్టేసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఎలీనెడ్ కంగారుగా లేచింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. కళ్ల నీళ్లు తిరిగేలా, గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. నైరీకి కూడా నవ్వు ఆగలేదు.

సరిగ్గా అప్పుడు వాకిట్లో కుక్క మొరిగింది. కొత్త మనిషిని చూసిన మొరుగు.

బురద అంటని కారు ఒకటి గేటు దగ్గర ఆగింది. అందులోంచి దిగినవాడి బూట్లు కూడా అంతే కొత్తగా ఉన్నాయి. చంకలో పొడుగాటి మ్యాపు చుట్ట.

"నా పేరు ప్రెంటిస్ అండీ," అన్నాడు ఇంగ్లండు యాసలో, మర్యాదగానే. "మైలిర్ గారు రమ్మన్నారు. పై కొండ విషయం. మీరే కదండీ వాళ్ల నాన్నగారు? మీ సంతకం ఒక్కటే మిగిలింది."

"ఏ సంతకం?"

ఆ మనిషి అందరి మొహాలూ చూశాడు. తాను ముందుగా మాట్లాడేశానని అర్థమైంది. ఏం చెయ్యాలో తోచక మ్యాపు కారు ముందు భాగం మీద పరిచాడు. పై కొండ చుట్టూ ఆకుపచ్చ గీత. లోపల వరసలు వరసలుగా చుక్కలు.

"చెట్లా?" అంది నైరీ.

"అవునమ్మా. స్ప్రూస్. పర్యావరణానికి చాలా..."

"నాకు తెలుసు ఏం చెప్తారో."

కొండ మలుపులోంచి మైలిర్ బండి దిగుతోంది. కారును చూడగానే సగం దారిలో ఆపేశాడు. తర్వాత బండి అక్కడే వదిలేసి కాలినడకన వచ్చాడు. చేతుల్లో ఇంకా కంచె తీగ ముక్క ఉంది.

"శుక్రవారం రమ్మన్నాను కదా మిమ్మల్ని," అన్నాడు ఆ మనిషితో.

"శుక్రవారం ఆఖరి రోజండీ. ముందే వస్తే మంచిదని..."

"నువ్వు పిలిచావా?" అన్నాడు ఇద్వాల్.

"నేనే పిలిచాను నాన్నా."

పై కొండ అంటే ఏమిటో ఆ ఇంటి నలుగురికీ వేరే చెప్పక్కర్లేదు. అక్కడ కంచె ఎప్పుడు పడినా మంద హద్దు దాటదు. తన తల్లి ఎక్కడ మేసిందో పిల్ల అక్కడే మేస్తుంది, అది తన పిల్లకు నేర్పుతుంది. ఆ కొండ పోతే ఈ మందను ఇంకెక్కడా నిలబెట్టలేరు. అమ్మకానికి పెట్టినా ఇంకో కొండ వాడు కొనడు.

"ఎందుకురా?" అంది ఎలీనెడ్.

మైలిర్ తల్లిని చూడలేదు. నైరీని చూశాడు. "మీ నాన్న జులైలో నాకు ఫోన్ చేశాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఈ ఏడాది గట్టెక్కకపోతే పొలం పోతుందన్నాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. పోయినేడాది మీ ఊరి ఫొటో చూస్తూ గోడ వైపు తిరిగి నువ్వు ఏడుస్తుంటే చూశాను. పై కొండ అమ్మితే అక్కడ అది నిలబడుతుందనుకున్నాను. మనకి కింద పొలం ఉంటుంది, ఎలాగో సర్దుకుందామనుకున్నాను. రేపోమాపో చెప్దామనే అనుకున్నాను."

నైరీ ఒక అడుగు ముందుకు వేసింది.

"మా నాన్న పోయిన బుధవారం అమ్మేశాడు మైలిర్."

"ఎవరికి?"

ఆమె మ్యాపు మీద చుక్కల వైపు వేలు చూపించింది. "ఇలాంటివాళ్లకే."

మైలిర్ చేతిలోని తీగ ముక్క కిందపడింది. వంగి తీసుకోలేదు. నైరీ అతని దగ్గరికి వెళ్లి, అతని కోటు మీద అంటుకున్న గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. తిడుతుందనుకున్నాడు కాబోలు, అతని మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది.

"వెర్రి నాయనా," అన్నాడు ఇద్వాల్. ఎంతో ముద్దుగా అన్నాడు. "మీ మామ కొండ కోసం మన కొండ అమ్ముతావట్రా."

"చింపెయ్ నాన్నా. ఇప్పుడు దేనికి? ఆ కాగితం చింపెయ్."

ప్రెంటిస్ కాగితం తీశాడు. చేతులు మారే ముందు ఒక్క క్షణం తటపటాయించాడు. ఇద్వాల్ అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వాకిట్లో గాలికి ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. కొడుకు సంతకం దగ్గర కాసేపు ఆగాడు.

"శుక్రవారం దాకా గడువు అన్నారు కదూ?"

"అవునండీ. సాయంత్రం అయిదింటి దాకా."

"సరే. ఇది నా దగ్గరుంటుంది."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకుని, గుండీ పెట్టాడు.

"ఇద్వాల్," అంది ఎలీనెడ్.

ఆయన రాతిగోడ వైపు నడిచాడు. కారు వెళ్లిపోయింది. మైలిర్ ఏదో అనబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపి లోపలికి తీసుకుపోయింది.

ఇద్వాల్ రాతిగోడ మీద మోచేతులు ఆనించి పై కొండ వైపు చూస్తున్నాడు. మబ్బు దిగి సగం కొండ కనబడటం లేదు. మిగిలిన సగంలో తెల్లటి చుక్కల్లా మంద. కాసేపటికి నైరీ వచ్చి పక్కన నిలబడింది.

"మామయ్యా, అంత గొడవ చేసి, ఇప్పుడు దాన్ని జేబులో పెట్టుకున్నారేంటి?"

ఆయన కొండ మీంచి చూపు తిప్పలేదు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మీ నాన్నకి ఎన్నేళ్లు?"

"అరవై ఎనిమిది."

"నాకంటే ఏడాది చిన్న." ఆమె వైపు తిరిగాడు. "నిజం చెప్పమ్మాయ్. సంతకం పెట్టేశాక ఎలా ఉన్నాడు? ఏమన్నాడు?"

ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది నైరీకి. అబద్ధం చెప్పొచ్చు. ఈ ఇంటి కోసం సోమవారం ఒక అబద్ధం సులువుగానే చెప్పింది. కానీ ఈ ముసలాయన, తెలియక అన్న ఒక్క మాటకు పాస్టరు గారికి ఫోన్ చేసి ఒప్పుకున్న మనిషి, ఇప్పుడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"నలభై ఏళ్లలో మొదటిసారి హాయిగా నిద్రపట్టిందన్నాడు మామయ్యా," అంది.

ఇద్వాల్ తలూపాడు. చెయ్యి జేబు మీదికి వెళ్లి, అక్కడే ఉండిపోయింది.